ఎదుటివాళ్లూ కూర్చున్న సభలో

నల్గొండలో డిగ్రీ విద్యార్థులు, ఉపాధ్యాయులు, జానపద కళాకారుల ముందు చేసిన ప్రసంగం

సభకు నమస్కారం.

ముందు వరసలో చిందు కళాకారులు, బుర్రకథ చెప్పే పెద్దలు కూర్చున్నారు. యుద్ధం విడదీసిన మనుషుల మధ్య హాస్యం, సంభాషణ ఏం చేయగలవో మాట్లాడమని నన్ను పిలిచారు. రువాండా, బోస్నియా, ఐర్లండ్, పాలస్తీనా అంటూ దూరాలు తిరిగి రావాల్సిన విషయమే. తిరిగొద్దాం. బయల్దేరేది మాత్రం ఈ పెద్దల పనిలోంచే.

బుర్రకథలో ముగ్గురు నిలబడతారు. మధ్యలో కథకుడు, భుజాన తంబురా, వేళ్లకు అందెలు. ఒక పక్క రాజకీయం చెప్పే ఆయన, ఇంకో పక్క హాస్యం చెప్పే ఆయన, ఇద్దరి దగ్గరా గుమ్మెటలు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి మనకు వింతగా అనిపించదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. పేరుమోసిన బుర్రకథలు యుద్ధాల కథలు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం. తలలు తెగిపడే ఘట్టం నడుస్తుంటే పక్కనే ఒక మనిషి నవ్వించడానికే నిలబడి ఉంటాడు. ఇంత విషాదంలో నీకేం పని, దిగిపో అని ఆయన్ని ఎవరూ అనలేదు. ఆయన లేకపోతే కథ నడవదు.

ఆయన చేసే పని ఏమిటి? కథకుడు వీరావేశంతో ఊగిపోతున్న చోట అడ్డం పడతాడు. "అన్నా, కోడి ఓడిపోతే మనిషి రాజ్యం వదిలి అడవికి పోవాల్నా?" అని అమాయకంగా అడుగుతాడు. జనం గొల్లుమంటారు. నవ్విన మరుక్షణం ఆ ప్రశ్న జనానిది అయిపోతుంది. నిజమే కదా, కోడిపందెం దగ్గర పుట్టిన పంతానికి ఇంతమంది కొడుకులు చావడమేమిటి? రాజకీయం ఆయన అదే ప్రశ్నను అందుకుని ఇవాళ్టి సంగతుల్లోకి తెస్తాడు. ఒక పక్క నవ్వు, ఒక పక్క చర్చ, మధ్యలో యుద్ధం. ఇవాళ అంతర్జాతీయ సంస్థలు పుస్తకాలు రాసి నేర్పుతున్న పనికి మన దగ్గర ఎప్పటి నుంచో వేదిక మీద జాగా ఉంది.

కృష్ణ దాటితే పల్నాడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించిన చాపకూడు కథను, ఆ తర్వాత అన్నదమ్ములు కొట్టుకుని చచ్చిన కారంపూడి కథను ఊరూరా చెప్పి ఏడిపించి నవ్వించిన మహానుభావుడు షేక్ నాజర్. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ పదం ఆయన నోట వింటున్నప్పుడు చెప్పేది ఏ మతంవాడని అడిగినవాళ్లు లేరు. 1940ల్లో ప్రజానాట్యమండలి ఈ కళను జనంలోకి తీసుకుపోతే ఇటు నిజాం ప్రభుత్వం, అటు మద్రాసు ప్రభుత్వం రెండూ బుర్రకథను నిషేధించాయి. చేతిలో తుపాకులున్న ప్రభుత్వాలు గుమ్మెట చప్పుడును ఆపాలనుకున్నాయంటే ఆ చప్పుడుకు ఎంత బలం ఉందో చూడండి.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ఒక జోక్ మంచిదో చెడ్డదో దాని మాటల్ని బట్టి తేల్చలేం. అది చెప్పేటప్పుడు అక్కడ ఎవరెవరు కూర్చుని ఉన్నారో చూడాలి. ఎదుటి వర్గం వాళ్లు కూడా కూర్చుని వింటున్న చోట చెప్పగలిగిన జోక్ మనుషుల్ని దగ్గరకు తెస్తుంది. వాళ్లు లేని చోట మాత్రమే చెల్లే జోక్ దూరం పెంచుతుంది. ఒక్కోసారి చంపుతుంది. చంపుతుంది అన్నది మాటవరసకు అనడం లేదు.

రువాండాలో 1993 జులైలో ఒక ప్రైవేటు రేడియో మొదలైంది. ఆర్‌టీఎల్‌ఎమ్ అంటారు. అంతకు ముందు అక్కడి ప్రభుత్వ రేడియో అంటే ప్రకటనలు, ఉపన్యాసాలు. ఈ కొత్త రేడియో జనం భాషలో మాట్లాడింది. హుషారైన కాంగో పాటలు, పొద్దున్నే ముచ్చట్లు, వీధి జోకులు. కాంటానో హబిమానా అనే అనౌన్సర్ చమత్కారానికి ఊళ్లకు ఊళ్లు చెవులప్పగించాయి. కుర్రాళ్లు రేడియో చంకన పెట్టుకుని తిరిగారు. ఆ పాటల మధ్య, ఆ జోకుల మధ్య మెజారిటీ హుటూల మధ్య బతికే టుట్సీ వర్గంవాళ్లను బొద్దింకలు అనడం అలవాటు చేశారు. మొదట నవ్వులాటే. 1994 ఏప్రిల్‌లో దేశాధ్యక్షుడి విమానం కూలిన దగ్గర నుంచి అదే గొంతు, అదే సరదా ధోరణిలో, ఫలానా చోట ఫలానా వాళ్లు దాక్కున్నారని చెప్పింది. వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మంది చనిపోయారు. చంపినవాళ్లలో ఇరుగుపొరుగు వాళ్లు ఉన్నారు. ఒకే బావి నీళ్లు తాగినవాళ్లు ఉన్నారు. 2003 డిసెంబరులో రువాండా మారణకాండ విచారణకు ఐక్యరాజ్యసమితి పెట్టిన ట్రిబ్యునల్ ఆ రేడియో వెనకున్న పెద్దలను దోషులుగా తేల్చింది.

హాస్యం మనసుల్ని కలుపుతుందని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లకు నేను ముందుగా ఈ కథే చెబుతాను. ఆ రేడియో నవ్వించడం తెలియక విఫలం కాలేదు. చాలా బాగా నవ్వించింది. ఎవరిని చూసి నవ్వుతున్నారో వాళ్లు ఆ నవ్వులో లేరు, అంతే.

అదే దేశంలో, మళ్లీ రేడియోతోనే, పదేళ్ల తర్వాత ఇంకో పని మొదలైంది. 2004 నుంచి "ముసెకెవెయా" అనే ధారావాహిక నాటకం ప్రసారమైంది. కొత్త పొద్దు అని చెప్పుకోవచ్చు. అందులో హుటు అన్న మాట లేదు, టుట్సీ అన్న మాట లేదు. రెండు ఊళ్లు ఉంటాయి, మధ్యలో సారవంతమైన నేల. ఒక ఊరికి దక్కింది, ఇంకో ఊరికి దక్కలేదు. కరువొచ్చింది. రెచ్చగొట్టే నాయకుడు తయారయ్యాడు. ఆ నాయకుడి చెల్లెలు అవతలి ఊరి అబ్బాయిని ప్రేమించింది. మన పాలమూరు పల్లెల్లో చెరువు నీళ్ల తగాదా అని చెప్పినా కథ అతుకుతుంది. జనం ఆ నాటకాన్ని గుంపులుగా కూర్చుని విన్నారు. రేడియోలు తక్కువ, వినేవాళ్లు ఎక్కువ. విన్నాక పాత్రల గురించి కొట్లాడుకున్నారు. ఆ పిల్ల చేసింది తప్పా ఒప్పా, అన్న మాట వినాలా వద్దా.

ఎలిజబెత్ లెవీ పాలక్ అనే పరిశోధకురాలు ఏడాది పాటు కొన్ని ఊళ్లలో ఈ నాటకాన్ని వినిపించి, మరికొన్ని ఊళ్లలో ఆరోగ్యం గురించిన వేరే నాటకాన్ని వినిపించి తేడా చూశారు. 2009లో ఫలితాలు అచ్చయ్యాయి. ఏం తేలిందంటే, జనం మనసులో ఉన్న నమ్మకాలు పెద్దగా మారలేదు. మారింది వేరే. నలుగురిలో ఎలా ఉండాలన్న అంచనా మారింది. అవతలి వాళ్లను పెళ్లి చేసుకోవచ్చు, పెద్దలతో విభేదించి మాట్లాడొచ్చు, పోయినవాళ్ల గురించి చెప్పుకోవచ్చు అన్న ధైర్యం వచ్చింది. చివర్లో ఒక చిన్న సంగతి జరిగింది. అన్ని ఊళ్లకూ ఒక రేడియో, క్యాసెట్లు బహుమతిగా ఇచ్చారు. ఆరోగ్య నాటకం విన్న ఊళ్లలో ఎవరో ఒకరు లేచి, ఇది మన పెద్దమనిషి దగ్గర పెడదాం అన్నారు, అందరూ సరే అన్నారు, అయిపోయింది. ఈ నాటకం విన్న ఊళ్లలో మాత్రం వాదన మొదలైంది. పెద్దమనిషి దగ్గరే ఎందుకుండాలి, మనమందరం కలిసి చూసుకోలేమా అని. వందల మందిని చంపమని పైనుంచి మాట వస్తే ఎదురు చెప్పకుండా కత్తి పట్టుకున్న దేశంలో, ఒక రేడియో ఎవరి దగ్గర ఉండాలని జనం పెద్దమనిషిని కాదని వాదించుకున్నారు. నాకు ఆ పరిశోధన మొత్తంలో అన్నిటికన్నా పెద్ద సంగతి ఇదే.

మనసు మార్చడం మన చేతిలో లేదు. మాట్లాడే అలవాటు మార్చగలం. కళాకారులకు అంత చాలు.

ఆ నాటకాన్ని నడిపిన సంస్థ పేరు రేడియో లా బెనెవోలెన్సియా. పేరు బోస్నియా రాజధాని సరయేవో నగరం నుంచి వచ్చింది. అక్కడ 1892లో యూదులు పెట్టుకున్న దానధర్మాల సంఘం పేరు అది. బోస్నియా యుద్ధంలో సెర్బు సైన్యాలు ఆ నగరాన్ని ముట్టడించినప్పుడు, ఆ సంఘం వంటశాల, మందుల షాపు నడిపి ముస్లింలు, సెర్బులు, క్రొయాట్లు, యూదులు అన్న లెక్క లేకుండా అందరికీ పెట్టింది.

1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా, 1,425 రోజులు ఆ ఊరి చుట్టూ గుట్టల మీద ఫిరంగులు, స్నైపర్లు. 2012లో ఆ ఊరి వీధిలో, ముట్టడిలో చనిపోయిన ఒక్కొక్కరికీ ఒక ఎర్ర కుర్చీ చొప్పున 11,541 ఖాళీ కుర్చీలు వేశారు. పిల్లలకు చిన్న కుర్చీలు. అలాంటి ఊళ్లో జనం నవ్వారు. అక్కడి వీధి జోకుల్లో ముయో అనే అమాయకుడు ఉంటాడు. ముట్టడిలో ముయో పార్కులో ఊయల ఊగుతుంటాడు. ఏం చేస్తున్నావురా అంటే, "స్నైపర్‌ను ఆటపట్టిస్తున్నా" అంటాడు. ఇంకోటి ఉంది, నాజీలు యూదుల్ని విషవాయువుతో చంపిన ఆష్‌విట్జ్ శిబిరం మీద, చెప్పడానికి నోరు రాదు కానీ చెబుతాను. "సరయేవోకూ ఆష్‌విట్జ్‌కూ తేడా ఏమిటి? ఆష్‌విట్జ్‌లో గ్యాస్ వచ్చేది." వంటకు గ్యాస్ లేక, చలికి పుస్తకాలు కాల్చుకున్న జనం తమ గురించి తాము చెప్పుకున్న జోక్ అది. బయటివాళ్లు చెబితే పాపం. వాళ్లు చెప్పుకుంటే ఊపిరి.

ముట్టడి మొదలైన ఏడాదే ఆ ఊళ్లో యుద్ధ నాటకశాల పెట్టుకున్నారు. కొవ్వొత్తుల వెలుగులో నాటకాలు ఆడారు. ఆ ఊయల జోకును గమనించండి. అందులో ముస్లిం లేడు, సెర్బ్ లేడు. ముట్టడిలో ఇరుక్కున్న ప్రతివాడికీ అదే జోక్. సరయేవోలో సెర్బులు కూడా ఉన్నారు, వాళ్ల మీదా అదే గుండు పడింది. ఎదుటివాళ్లు అనుకున్నవాళ్లు పక్కింట్లోనే, అదే చీకట్లో కూర్చుని నవ్వారు.

కానీ ఇక్కడే ఒక దుఃఖం ఉంది. యుద్ధానికి ముందు సరయేవో టీవీలో "టాప్ లిస్టా నద్రెయలిస్టా" అనే హాస్య కార్యక్రమం వచ్చేది. 1984లో టీవీకి ఎక్కింది. అన్ని జాతుల కుర్రాళ్లూ కలిసి చేశారు, యుగోస్లావియా అంతా చూసింది. ఒక ఎపిసోడ్‌లో సరయేవోను గోడ కట్టి రెండు ముక్కలు చేసినట్టు చూపించారు. జనం పడీ పడీ నవ్వారు. కొన్నేళ్లకు ఆ ఊరు నిజంగానే చీలింది. ఆ బృందం కూడా చీలింది. ఒకరు బెల్‌గ్రేడ్ వెళ్లిపోయారు, ఒకరు స్లొవేనియా వెళ్లిపోయారు, కొందరు ముట్టడిలోనే ఉండిపోయారు. ప్రమాదాన్ని అందరికన్నా ముందు పసిగట్టింది హాస్యగాళ్లే. ఆపలేకపోయారు. నవ్విన జనం ఇంటికి పోయారు, మళ్లీ కూర్చుని మాట్లాడుకోలేదు. రువాండా నాటకానికీ దీనికీ నాకు కనిపించే పెద్ద తేడా అదే. బుర్రకథలో హాస్యం పక్కన రాజకీయం కూడా ఎందుకుండాలో ఇక్కడ తెలుస్తుంది.

ఉత్తర ఐర్లండ్ సంగతి త్వరగా చెబుతాను. 1960ల చివర నుంచి 1998 దాకా కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ మధ్య సాగిన హింసలో దాదాపు 3,500 మంది చనిపోయారు. అక్కడి జోక్ ఒకటి లోకమంతా తిరిగింది. రాత్రిపూట బెల్‌ఫాస్ట్ వీధిలో ఒకడు తుపాకీ పెట్టి, నువ్వు కాథలిక్కువా ప్రొటెస్టెంటువా అంటాడు. నేను యూదుణ్ని అంటాడు ఆ బాటసారి. "సరే, కాథలిక్ యూదుడివా, ప్రొటెస్టెంట్ యూదుడివా?" ఇది రెండు వర్గాల ముందూ చెప్పొచ్చు. నవ్వేది తుపాకీ పట్టుకున్న మూర్ఖత్వాన్ని చూసి.

2019లో "డెర్రీ గర్ల్స్" అనే టీవీ సీరియల్‌లో ఒక సన్నివేశం వచ్చింది. రెండు వర్గాల పిల్లల్నీ కలపడానికి క్యాంపు పెడతారు. మీ ఇద్దరి మధ్య పోలికలు చెప్పండి అంటే ఒక్కటీ రాదు. తేడాలు చెప్పండి అనగానే బోర్డు నిండిపోతుంది. ప్రొటెస్టెంట్లు టోస్టర్‌ను అలమరలో పెడతారు, ప్రొటెస్టెంట్లకు ఆబా అనే పాప్ బృందం పాటలు నచ్చవు, ఇలాంటివి. ఆ బోర్డును తర్వాత బెల్‌ఫాస్ట్‌లోని అల్‌స్టర్ మ్యూజియంలో పెట్టారు. మ్యూజియానికి వచ్చిన రెండు వర్గాలవాళ్లూ ఒకే బోర్డు ముందు నిలబడి నవ్వుకున్నారు.

అయితే ఆ నవ్వు ఊరికే రాలేదు. రే డేవీ అనే పాస్టర్ రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధఖైదీగా ఉండి, జర్మనీలోని డ్రెస్డెన్ నగరం బాంబులకు కాలిపోవడం చూసి వచ్చి, 1965లో కోరిమీలా అనే చోట రెండు వర్గాలూ వచ్చి ఉండి మాట్లాడుకునే కేంద్రం పెట్టాడు. హింస మొదలవడానికి ముందే. 1981లో 28 మంది పిల్లలతో రెండు వర్గాలూ కలిసి చదివే లగాన్ కాలేజీ మొదలైంది. 1998 ఏప్రిల్ 10న ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు ఆ బోర్డు జోక్ వచ్చింది. రెండు వర్గాల పేటల మధ్య 1969 నుంచి కట్టిన గోడలు మాత్రం బెల్‌ఫాస్ట్‌లో ఇంకా ఉన్నాయి. ఏ జోకుకైనా అదును ఉంటుంది. వాన పడకముందే విత్తనం జల్లితే పిట్టలు తింటాయి, ఈ ఎర్రనేలల రైతుకు నేను చెప్పాల్సిన పని లేదు.

ఇక అందరికన్నా కష్టమైన చోటు. 2000లో, ఇజ్రాయెల్–పాలస్తీనా మధ్య రక్తపాతం మళ్లీ మొదలైన రోజుల్లో, ఒక ఇజ్రాయెలీ మహిళ స్నేహితురాలికి ఫోన్ చేయబోయి నంబరు తప్పు నొక్కింది. అవతల ఎత్తింది గాజాలో ఉన్న ఒక పాలస్తీనా యువకుడు. పెట్టేసి ఉంటే కథ లేదు. ఎలా ఉన్నారు అని అడిగింది. బాగాలేము, నా భార్య కడుపుతో ఉంది, బయటికి వెళ్లే వీలు లేదు అన్నాడు. మాట కలిసింది. బంధువులు, స్నేహితులు కూడా ఫోనెక్కారు. 2002లో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రుల సంఘం ఒకటి దీన్నే పెద్దది చేసింది. ఒక నంబరుకు ఫోన్ చేస్తే అవతలి వైపు మనిషితో మాట్లాడొచ్చు. లక్షల్లో కాల్స్ వచ్చాయి. చాలామంది మొదట తిట్టడానికే చేసి ఉంటారు. తిట్టాలన్నా అవతల మనిషి ఉండాలి కదా.

ఆ సంఘం పేరు పేరెంట్స్ సర్కిల్. 1994లో హమాస్ చేతిలో కొడుకు అరిక్‌ను పోగొట్టుకున్న యిత్జాక్ ఫ్రాంకెంతాల్ 1995లో మొదలుపెట్టాడు. రెండు వైపులా పిల్లల్ని, తోబుట్టువుల్ని పోగొట్టుకున్న కుటుంబాలు, 600కు పైగా, అందులో ఉన్నాయి. వాళ్లు ఏళ్ల తరబడి బళ్లకు ఇద్దరిద్దరుగా వెళ్లారు. ఒక ఇజ్రాయెలీ, ఒక పాలస్తీనియన్. పోయిన తమ బిడ్డ గురించి ఇద్దరూ చెప్పేవాళ్లు. అక్కడ హాస్యానికి చోటు లేదు. ఉండకూడదు కూడా. పోయినవాళ్ల పేర్లు ముందు పలకాలి. ఆ తర్వాతే ఎప్పుడో నవ్వు.

యూదులూ పాలస్తీనియన్లూ కలిసి కావాలని కట్టుకున్న ఊరు ఒకటి ఉంది, నెవె షాలోమ్, అరబీలో వాహత్ అస్సలాం. ఆ ఊళ్లో పెరిగిన నోవామ్ షూస్టర్ అనే యూదు అమ్మాయి అరబీలో, హీబ్రూలో, ఇంగ్లిష్‌లో స్టాండప్ కామెడీ చేస్తుంది. పాలస్తీనా ప్రేక్షకుల ముందుకు వచ్చి, కంగారు పడకండి, నేను ఇక్కడ ఉండేది ఏడు నిమిషాలే, డెబ్బై ఏళ్లు కాదు అంది. ఆ ఒక్క మాటలో, డెబ్బై ఏళ్లుగా పాలస్తీనియన్ల నేల మీద తన దేశం చేసిన పనిని తనే ఒప్పుకుంది. ఎవరి ముందు ఒప్పుకోవాలో వాళ్ల ముందే ఒప్పుకుంది. అందుకే ఆ సభ నవ్వింది. తన వాళ్ల మీద తను వేసిన జోక్‌ను ఎదుటివాళ్ల ముందు వేయడం కన్నా ధైర్యం హాస్యంలో ఇంకొకటి లేదని నేను నమ్ముతాను.

చెక్‌పోస్టు అక్కడే ఉండగా, ఇల్లు కూలగొడుతుండగా, కూర్చుని మాట్లాడుకుంటే ఏమొస్తుందని చాలామంది పాలస్తీనియన్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. సంభాషణ న్యాయానికి బదులు కాదు. ఒకడి చేతిలో తుపాకీ, ఒకడి చేతిలో పాస్ కాగితం ఉన్నప్పుడు ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టినంత మాత్రాన సమానం కారు. 2023 అక్టోబరు తర్వాత జరిగింది చూస్తే గుండె ఆగిపోతుంది. అయినా ఆ తల్లిదండ్రులు తమ సంఘాన్ని మూసేయలేదు.

మన దగ్గరకొద్దాం.

నల్గొండ జిల్లాలో ఒక ఇంటికి వెళ్తే రజాకార్ల కథ చెబుతారు. కాల్చిన ఇళ్లు, ఎత్తుకుపోయిన ధాన్యం, గుట్టల్లో దాక్కున్న రాత్రులు. ఇంకో ఇంటికి వెళ్తే పోలీస్ యాక్షన్ తర్వాతి కథ, అదీ గొంతు తగ్గించి చెబుతారు. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సైనిక చర్య జరిగింది. ఆ తర్వాత సంస్థానంలో ముస్లింల మీద జరిగిన దాడుల గురించి కేంద్రం పంపిన సుందర్‌లాల్ కమిటీ, ఎంత తక్కువ లెక్క వేసినా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని రాసింది. ఎక్కువ ఘోరం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ వైపు జరిగిందని చెప్పింది. ఆ నివేదికను దశాబ్దాల పాటు జనానికి చూపించలేదు. రెండు కథలూ నిజమే. రెండూ ఒకే అరుగు మీద చెప్పుకోలేదు, అదీ మన బాధ.

అప్పటి గీత మతం గీత కాదు కూడా. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి ప్రాణం పోగొట్టుకున్న బందగీ ముస్లిం రైతు. ఆ దేశ్‌ముఖ్ హిందువు. రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాదులో చంపేసిన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్. మఖ్దూం మొహియుద్దీన్‌ను 1952లో అసెంబ్లీకి పంపింది మన హుజూర్‌నగర్. ఇవి పాఠ్యపుస్తకంలో రెండు లైన్లయినా అరుగు మీద చెబితే రెండు గంటలు పడతాయి.

ఆ అరుగులు మనకు లేకపోలేదు. పీర్ల పండగకు ముస్లింల ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలో కూడా పీర్లు లేస్తాయి. అలావ చుట్టూ అసైదులా ఆడేవాళ్లలో ఎవరు ఎవరో చెప్పమనండి. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పుట్టిన హిందూ పిల్లలకు సైదులు అని పేరు పెడతారు. ఈ హాల్లోనే ముగ్గురు నలుగురు సైదులు ఉంటారు, చేతులెత్తండి. ఉన్నారు. అదే ఊరి మనుషులు సాయంత్రం ఫోన్ తెరిస్తే, వాట్సాప్ గ్రూపులో పక్క మతంవాళ్ల మీద జోక్ వస్తుంది. ఆ గ్రూపులో పక్క మతంవాళ్లు ఉండరు. రువాండా రేడియో ముచ్చట్లు మొదలైంది కూడా అలాగే, వాళ్లు వినని చోట వాళ్ల మీద నవ్వులాటగా.

మన దగ్గర తుపాకీని నవ్వులపాలు చేసిన కళాకారుడు ఉన్నాడు. పిట్టల దొర. తుపాకి రాముడు అంటారు, లత్కోర్ సాబ్ అంటారు. చినిగిన ఖాకీ కోటు, నెత్తి మీద టోపీ, చేతిలో కట్టె తుపాకీ. వాకిట్లో నిలబడి తన జాగీరు గురించి, తన దండు గురించి ఆకాశమంత కోతలు కోస్తాడు. దొరల రాజ్యంలో, దొర గడీ ఉన్న ఊళ్లోనే, దొర వేషం కట్టి, దొర తుపాకీని కట్టె చేసి చూపించాడు. వినేవాళ్లలో దొర మనుషులూ ఉన్నారు, కూలివాళ్లూ ఉన్నారు. నేనింతసేపూ చెబుతున్న కొలతకు ఆ కళ నిలుస్తుంది.

బుడ్డర్‌ఖాన్ వేషం సంగతి వేరు. భాగోతంలో వచ్చీరాని ఉర్దూ, తెలుగు కలిపి మాట్లాడుతూ వచ్చే ఆ పాత్రకు నేను చిన్నప్పుడు చాలా నవ్వాను. అప్పటి ఊళ్లో ముస్లింలు కూడా ముందు వరసలో కూర్చుని, మాట జారితే అక్కడికక్కడే కసిరేవాళ్లు, కళాకారుడు సర్దుకునేవాడు. ఇప్పుడు ఆ వరసలు వేరైపోయాయి. కసిరే మనిషి లేనప్పుడు అదే వేషం వేరే వేషమైపోతుంది. మానేయమని నేను చెప్పను. ఆ ముందు వరసను మళ్లీ నింపండి అంటాను.

విద్యార్థులకు నేను అప్పజెప్పే పని ఇది. మీ మీ ఊళ్లలో రజాకార్ల కాలం చూసినవాళ్లు ఇక ఎవరూ పెద్దగా లేరు. వాళ్ల పిల్లలు ఉన్నారు, అమ్మానాన్నల నోట విన్న మాటలు వాళ్ల దగ్గర ఉన్నాయి. రెండు రకాల ఇళ్లకూ వెళ్లండి. హిందూ కుర్రాడు ముస్లిం ఇంటికి, ముస్లిం అమ్మాయి హిందూ ఇంటికి. చెప్పింది చెప్పినట్టు రికార్డు చేయండి, వాదించొద్దు. ఆ రెండు కథల్నీ కలిపి ఒకే బుర్రకథ కట్టండి. హాస్యం చెప్పేవాడు ఎవరి ఇంటి కథ నడుస్తుంటే ఆ ఇంటివాడై ఉండాలి. రజాకార్ల కథ నడుస్తున్నప్పుడు గుట్టల్లో దాక్కున్నవాళ్ల మనవడు తమ భయం మీద తాను జోక్ వేయాలి. పోలీస్ యాక్షన్ కథ వచ్చినప్పుడు ఆ ఇంటి పిల్ల వేయాలి. రిహార్సల్‌కు రెండు ఇళ్ల పెద్దల్నీ పిలవండి. వాళ్ల ముఖం మాడిన జోక్ అక్కడే తీసేయండి. ఆట అయ్యాక చాయ్ ఇచ్చి కూర్చోబెట్టండి. చప్పట్లు కొట్టి ఇంటికి పోనీయొద్దు. సరయేవోలో అక్కడే ఆగిపోయింది.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక విద్యార్థి: మా ముత్తాతను రజాకార్లు చంపారు సార్. నేను వాళ్ల మనవళ్లతో కూర్చుని ఎందుకు నవ్వాలి?)

నవ్వనక్కర్లేదు నాయనా. నవ్వమని నిన్ను అడిగే హక్కు ఎవరికీ లేదు, నాకూ లేదు. ముందు మీ ముత్తాత పేరు ఆ సభలో చెప్పు. ఎలా పోయాడో చెప్పు. అవతలివాళ్లు వింటారు, అడ్డు చెప్పకుండా వినడమే వాళ్ల పని. వాళ్లింట్లో పోయినవాళ్ల పేరు చెప్పినప్పుడు వినడం నీ పని. అంతవరకు వచ్చి ఆగిపోయినా నేను దాన్ని ఓటమి అనుకోను. ఒక సంగతి మాత్రం గుర్తుపెట్టుకో. నీ తోటి చదువుకుంటున్న ముస్లిం పిల్లవాడు రజాకారు కాడు. వాళ్ల ముత్తాత బందగీ పక్షాన నిలబడ్డవాడేమో అడిగి తెలుసుకో.

(ఒక విద్యార్థిని: సర్దుకోమని, నవ్వి ఊరుకోమని ఎప్పుడూ మాకే చెబుతారు సార్. జోక్ మా మీదే, ఓర్చుకోవడమూ మేమే. కొత్తగా ఇదొక భారమా?)

అమ్మా, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఓర్చుకుని నవ్వడాన్ని నేను ఐక్యత అనను. అది భయం. నోవామ్ షూస్టర్ జోక్ ఎందుకు చెప్పానంటే, అక్కడ బలం ఉన్న వైపు మనిషి ముందు తన వైపు మీద జోక్ వేసింది. ఆ వరస మారకూడదు. ఊళ్లో ఎక్కువమంది ఉన్నవాళ్లు, మాట చెల్లేవాళ్లు మొదట తమ మీద తాము వేసుకోవాలి. నీ వంతు వచ్చిందని నీకు అనిపించినప్పుడు నువ్వు మాట్లాడు, అనిపించకపోతే వద్దు. రిహార్సల్‌లో ఈ జోక్ తీసేయండి అని చెప్పే అధికారం మాత్రం మొదటి రోజు నుంచీ నీకుండాలి.

ఇవాళే మొదలుపెడదాం. చిందు బృందం వాళ్లు బుడ్డర్‌ఖాన్ వేషంలో నాలుగు మాటలు ఇక్కడే చెప్పి చూపిస్తామన్నారు. నువ్వు ముందు వరసలోకి వచ్చి కూర్చో అమ్మా. ఎక్కడ ఆపాలనిపిస్తే అక్కడ ఆపమను. వాళ్లు ఆపుతారు, ఎందుకు ఆపావో అడుగుతారు. నేను మైకు వాళ్లకిస్తున్నాను.